ఉడుకున్నప్పుడు మూత తియ్యకున్రి

ఈమధ్య మా అల్లుడు ఫోన్లో ఒక వీడియో చూపించాడు. తెల్ల చొక్కా వేసుకున్న ఒకాయన తన ఇంటి పార్కింగులోనే కారు రేడియేటర్ కడిగేస్తున్నాడు. చొక్కా మీద మరక లేదు, నుదుటి మీద చెమట లేదు, వెనకాల సంగీతం కూడా పెట్టుకున్నాడు. "చూసిన్రా మామా, గింత పనికేనా మీరు గంత బిల్డప్ ఇచ్చేది" అని మా అల్లుడు నవ్వాడు. నేను నవ్వలేదు. ఆ తెల్ల చొక్కా మనిషి "ఇంజన్ చల్లబడ్డాక మూత తీయండి" అని ఒక్క ముక్క అనేసి ముందుకెళ్లిపోయాడు. నా పని జీవితంలో నేను మర్చిపోలేనిదంతా ఆ ఒక్క ముక్క దగ్గరే జరిగింది.

నేను కార్ల మెకానిక్‌ని. కొత్తపేట పండ్ల మార్కెట్ వెనక సందులో ఒక షెడ్డులో పనిలో చేరి, ఆ షెడ్డులోనే ముసలివాణ్నయ్యాను. ఆ మార్కెట్ ఇప్పుడు బాటసింగారం వెళ్లిపోయింది, షెడ్డు ఉన్నచోట బట్టల దుకాణం వచ్చింది. కుళ్లిన బత్తాయిల వాసన వస్తే నాకు ఇప్పటికీ చేతులకు గ్రీజు ఉన్నట్టే అనిపిస్తుంది. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు చదువుకుని వస్తున్నారు, చేతిలో స్కానర్లు పట్టుకుని వస్తున్నారు. మంచిదే. స్కానర్ చెప్పేవన్నీ మీరు నేర్చుకుంటారు. అది చెప్పనిది ఒకటుంది, అది నేను చెప్పాలి.

మన నీళ్లు

మన వైపు కార్లకు సగం రోగాలు నీళ్లతోనే. ఎల్బీనగర్ నుంచి తుర్కయంజాల్ దాకా ఎక్కడ బోరు వేసినా సున్నం కలిసిన నీళ్లే వస్తాయి. బకెట్ అంచున తెల్లగా గార కట్టేది మీ ఇంట్లోనూ చూసే ఉంటారు. అదే గార రేడియేటర్ గొట్టాల్లోనూ కడుతుంది. కూలెంట్ పొయ్యవయ్యా అంటే "నీళ్లే గదన్నా, ఏ నీళ్లయితే ఏంది" అని బోరు నీళ్లు పోసి, ఎండాకాలం వచ్చేసరికి నడిరోడ్డు మీద పొగ కక్కే కారు పక్కన నిలబడి మాకు ఫోన్ చేస్తారు.

ఇంకో అలవాటు పసుపు. రేడియేటర్ కారుతుంటే పసుపు పోస్తే చిల్లు మూసుకుపోతుందని లారీ డ్రైవర్ల నమ్మకం. కాసేపు మూసుకుపోతుంది కూడా. ఒక బత్తాయిల వ్యాపారి ఏకంగా పొట్లం పొట్లమంతా పోసి బండి తోయించుకుని మా దగ్గరికి వచ్చాడు. మూత తీస్తే లోపల ముద్దపప్పులా ఉంది. "కారుకు పెండ్లి జేస్తున్నవారా, గింత పసుపు వెట్టినవ్?" అని మా యజమాని సత్తన్న అడిగితే సందంతా నవ్వింది. ఆ బండి బాగుచెయ్యడానికి నేను పడ్డ బాధకు మాత్రం ఎవరూ నవ్వలేదు.

ఇంట్లోనే కడుక్కుంటామనేవాళ్లను నేను వద్దనను. పని కష్టమైనది కాదు. గార కరిగించే మందు పోసి, మూత బిగించి, ఇంజన్ కాసేపు నడపాలి. ఆపాలి. పూర్తిగా చల్లబడే దాకా ఆగాలి. మూత తీసి, కింద బిరడా విప్పి నీళ్లు వదిలెయ్యాలి. మంచినీళ్లతో నింపి, నడిపి, చల్లార్చి, మళ్లీ వదలాలి. తేటగా వచ్చేదాకా అలా చేసి, చివరికి కూలెంట్ పోసి, గాలి అంతా బయటికి పోయేదాకా చూసుకోవాలి.

రెండే రెండు చోట్ల జాగ్రత్త. మొదటిది, మొదలుపెడితే సగంలో వదలకూడదు. గోడలకు అంటుకుని ఊరుకున్న గార మందు తగిలి వదులవుతుంది. సరిగ్గా కడగకపోతే అది ఊడి వచ్చి గొట్టాలకు అడ్డం పడుతుంది. అసలు కడగని రేడియేటర్‌తో ఇంకో ఏడాది లాక్కురావచ్చు. సగం కడిగినదాన్ని నమ్ముకుని ఎల్బీనగర్ నుంచి మలక్‌పేట కూడా పోలేం.

రెండోది మూత. బిగించి ఉన్నంతసేపు లోపల నీళ్లు ఎంత కాలినా మరగవు. బుడగ లేదు, ఆవిరి లేదు, చప్పుడు లేదు. బయటినుంచి చూస్తే కుండలో నీళ్లంత నెమ్మదిగా ఉంటాయి. మూత తిప్పిన మరుక్షణం అన్నీ ఒక్కసారే మరిగి మనిషి మొహాన కొడతాయి.

సత్తన్న మాట

షెడ్డు యజమాని పేరు సత్తయ్య. అందరికీ సత్తన్న. పోచంపల్లి దగ్గర నేత కుటుంబం. మగ్గం మీద కూర్చోలేక కారు కింద పడుకున్నానని ఆయనే చెప్పేవాడు. మెకానిక్‌గా అంతటివాణ్ని నేను మళ్లీ చూడలేదు. యజమానిగా అయితే పరమ చిరాకు మనిషి. మెచ్చుకోవడం తెలియదు, కోపమొస్తే చేతిలో పానా గోడకేసి కొట్టేవాడు. ఆయన దగ్గర పనిచేసినన్నాళ్లూ వదిలేసి పోవాలనే అనుకున్నాను, పోలేదు.

మా షెడ్డుకు వచ్చే బండ్లలో ఎక్కువభాగం ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లవి. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లు, వ్యాపారాలు, ఎల్బీనగర్ అవతల కాలనీలు. మొదట్లో ఒకాయన కుటుంబంతో వస్తే సత్తన్న ఇంజన్ చూసి, "ఉడుకైతున్నది సార్" అన్నాడట. వెనక సీట్లో పిల్లలు "ఉడుకైతున్నది, ఉడుకైతున్నది" అని ఆ మాటనే తిప్పి తిప్పి అనుకుంటూ పడీపడీ నవ్వారట. తల్లి కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుందట. ఆ రోజు నుంచి సత్తన్న షెడ్డులో మాట మార్చేశాడు. "వేడెక్కుతుందండి" అనడం నేర్చుకున్నాడు. ఆ "అండి" ఆయన నోట్లో రాయిలా ఉండేది. గిరాకీ వెళ్లిపోగానే ఉమ్మేసేవాడు.

మీలో కొందరికి ఇది చిన్న సంగతిగా కనిపించవచ్చు. సినిమాల్లో మా మాట రౌడీలకూ పనివాళ్లకూ పెట్టి నవ్వించిన రోజులవి. ఇంట్లో ఒక భాష, బతుకుదెరువుకు ఇంకో భాష పెట్టుకుని బతికినవాడికి తెలుస్తుంది.

తర్వాత ఉద్యమం వచ్చింది. మార్కెట్ ముందు టెంటు వేశారు. ఆటోవాళ్లు, హమాలీలు, లెక్చరర్లు వంతులవారీగా దీక్షలో కూర్చునేవాళ్లు. ఒకరోజు సత్తన్న టెంటులోంచి నేరుగా షెడ్డుకు వచ్చి, చేతులు కడుక్కుంటూ నాతో అన్నాడు.

"నర్సిమ్మా, ఇగ సంది నా నోట్ల నా మాటనే ఉంటది. సమజ్ గానోళ్లు అడిగి తెలుసుకుంటరు. ఇన్నేండ్లు మనం తెలుసుకోలేదా?"

నాకు సంతోషమేసింది. ఆ మాట సరైనదేనని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. ఇక చెప్పబోయేది చదివాక కూడా మీరు దాన్ని తప్పనకండి.

మూర్తి మాస్టారు

మా పాత గిరాకీల్లో మూర్తి మాస్టారు ఒకరు. తెనాలి వైపు మనిషి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్పేవారు. ఇల్లు ఎల్బీనగర్ అవతల చింతలకుంటలో. సత్తన్న "అండి" మానేశాక కొందరు ఆంధ్ర గిరాకీలు మొహం మాడ్చుకుని వేరే షెడ్డు చూసుకున్నారు. మాస్టారు పోలేదు. "నీ చెయ్యి మంచిది సత్తయ్యా, మాటదేముంది" అన్నారు.

ఆయన భార్య వరలక్ష్మి గారికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి రెండుసార్లు మలక్‌పేట వైపు దవాఖానకు పోయి డయాలసిస్ చేయించుకోవాలి. రోజుకు గ్లాసెడు నీళ్లకు మించి తాగకూడదు. మేం కారు అప్పగించడానికి వాళ్లింటికి వెళ్తే టీ ఇచ్చి, మేం తాగుతుంటే ఎదురుగా కూర్చుని చూసేది. "తాగండి బాబూ, మీరు తాగుతుంటే నాకూ దాహం తీరినట్టుంటుంది" అనేది. పిల్లలు లేరు. ఆ కారు ఉన్నదే ఆమెను తీసుకుపోవడానికి.

సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు లేవు. ఆటోలు ఒకరోజు ఉంటే ఒకరోజు లేవు. ఒక బంద్ రోజున వరలక్ష్మి గారి వంతు తప్పిపోయింది. కాళ్లు ఉబ్బాయి, పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతోంది. ఇంకొక్కసారి తప్పితే మా చేతిలో ఉండదని డాక్టర్లు చెప్పేశారు. ఆ వంతుకు ముందురోజు కారులో వేడి చూపించే ముల్లు ఎర్రగీత దగ్గరికి పోతోందని మాస్టారు గమనించారు.

ఆ రోజు మళ్లీ బంద్. మెకానిక్‌లెవరూ పనిముట్టు ముట్టకూడదని మా సంఘం తీర్మానించింది. సత్తన్న దీక్షలో ఉన్నాడు, నేను పక్కనే కూర్చున్నాను. సత్తన్న ఫోన్ మోగింది. మాస్టారి గొంతు నాకూ వినపడుతోంది.

"సత్తయ్యా, రేడియేటర్ ఒకసారి శుభ్రం చెయ్యాలేమో అనిపిస్తోందయ్యా. రేపు పొద్దున్నే ఆవిణ్ని తీసుకెళ్లాలి. పోయినసారి నువ్వు ఇచ్చిన మందు సీసా ఇంట్లో ఉంది."

"ఒస్త సార్, జర సేపాగున్రి" అని సత్తన్న లేవబోయాడు.

"వద్దొద్దు. దీక్షలో కూర్చున్నావట కదా. ఇవాళ నువ్వు మా ఇంటికొస్తే నీకు మాట వస్తుంది. ఎలా చెయ్యాలో చెప్పు, నేను చేసుకుంటాను. ఆవిణ్ని వారానికి రెండుసార్లు కడుగుతున్నారు, కారుని ఒకసారి కడగలేనా?"

సత్తన్న టెంటు బయటికి వచ్చి, మందు ఎంత పొయ్యాలో, ఇంజన్ ఎంతసేపు నడపాలో, కింద బిరడా ఎటు తిప్పాలో ఒక్కొక్కటే చెప్పాడు. నేను వింటున్నాను. చివర్లో గొంతు పెంచి అన్నాడు.

"సార్, ఒక్క మాట యాదిపెట్టుకోన్రి. ఇంజన్ ఉడుకున్నప్పుడు మూత తియ్యకున్రి. ఎంత లేటైనా మంచిదే, ఉడుకుంటే ముట్టొద్దు."

"అలాగే. ఉడుకుతుంటే తియ్యను" అన్నారు మాస్టారు.

"గంతే సార్."

ఫోన్ పెట్టేశాడు. నాకు అందులో ఏ పొరపాటూ వినపడలేదు. నేను చెప్పినా అదే మాట చెప్పేవాణ్ని.

ఉడకట్లేదు

మధ్యాహ్నం వరలక్ష్మి గారు ఫోన్ చేసింది. మాట మధ్యలో ఆయాసపడుతోంది. "సత్తయ్యా, ఆయన మొహం... నీళ్లు పడ్డాయయ్యా మొహం మీద." పక్కింటివాళ్లిద్దరు మోటార్ సైకిల్ మీద మాస్టారిని మధ్యలో కూర్చోబెట్టుకుని కొత్తపేటలో నర్సింగ్ హోంకు తెచ్చారు. సత్తన్న దీక్ష దండ మెడలోంచి తీసి కుర్చీ మీద పెట్టి లేచాడు. టెంటులో ఒకడు, "ఆంధ్రాయనకు కాలితె నువ్వెందుకన్నా లేసుడు" అన్నాడు. సత్తన్న వాడివైపు తిరిగి కూడా చూడలేదు.

మాస్టారి మొహం నిండా కట్టు. పెదాలు మాత్రం కనిపిస్తున్నాయి. గుమ్మం దగ్గర వాళ్ల కాలనీవాళ్లు ముగ్గురు నలుగురు నిలబడి ఉన్నారు. మమ్మల్ని చూసి గొంతు తగ్గించారు గానీ వినపడకుండా ఏమీ తగ్గించలేదు. "కావాలనే తప్పుగా చెప్పి ఉంటాడు. ఈ రోజుల్లో వీళ్లని నమ్ముతారా? స్టేషన్‌లో కంప్లైంటు ఇవ్వండి మాస్టారూ." సత్తన్న మెడ నరాలు ఉబ్బాయి. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

అప్పుడు మాస్టారు మాట్లాడారు. పెదాలు కదిపితే నొప్పి పుడుతున్నట్టుంది, ఒక్కో మాట ఆగి ఆగి వచ్చింది.

"ఆయన చెప్పినట్టే చేశానండీ. ఉడుకుతుంటే తియ్యొద్దన్నాడు. నేను చూశాను. రేడియేటర్ పక్కన నీళ్ల డబ్బాలో చూశాను, బుడగలు లేవు. ఆవిరి లేదు. చెవి పెట్టి విన్నాను, చప్పుడు లేదు. ఉడకట్లేదు. ఉడకట్లేదు కదా అనే తీశాను."

అప్పుడు నాకు వెలిగింది. సత్తన్న మొహం చూశాను. ఆయనకూ అదే క్షణంలో అర్థమైంది.

ఈ వైపు వాళ్లు కాని పాఠకులుంటే వాళ్ల కోసం చెబుతున్నాను. మాకు ఉడుకు అంటే వేడి, అంతే. ఉడుకు నీళ్లతో స్నానం చేస్తాం. ఉడుకుడుకు చాయ్ తాగుతాం. వాళ్ల వైపు అన్నం ఉడుకుతుంది, పప్పు ఉడుకుతుంది. అంటే బుడగలు రావాలి, కుతకుతమనాలి. ఇంజన్ వేడిగా ఉంటే ముట్టొద్దని సత్తన్న చెప్పాడు. కుతకుతమంటుంటే ముట్టొద్దని మాస్టారు విన్నారు. విన్నది తిరిగి ఒప్పజెప్పారు కూడా. ఎవరి మాట వాళ్లకు సరిగ్గానే వినపడింది.

సత్తన్న మంచం పక్కన కూలబడి, "ఉడుకంటె వేడి సార్, ఉడుకంటె వేడి" అని గొణిగాడు. అన్నేళ్లు గిరాకీల ముందు బలవంతంగా అన్న ఆ వేడి అనే మాట ఇప్పుడు అని ప్రయోజనం లేదు.

వరలక్ష్మి గారు స్టూలు మీద కూర్చుని ఉంది. ఒక పాల ఆటోవాడు ఎక్కించుకొచ్చాడట, తిరుగుదారిలో ఇంటికీ దింపుతానన్నాడట. చెప్పుల్లో పట్టనంతగా పాదాలు వాచిపోయాయి. ఆమె ఏడవలేదు. మొగుడి చెయ్యి నిమురుతూ అంది.

"నన్నడిగితే చెప్పేదాన్ని కదండీ. మన పనమ్మాయి రోజూ అనే మాటే. ఉడుకు నీళ్లు పెట్టాలా అమ్మా అని అడుగుతుంది. వంటింట్లోనే ఉన్నాను. ఒక్కసారి అడగలేకపోయారా?"

కాలనీవాళ్లు ఒక్కొక్కరే గుమ్మం దగ్గరినుంచి జారుకున్నారు.

రోడ్డు మీద వంట

మర్నాడు పొద్దున ఆమెను ఎవరు తీసుకుపోవాలి? ఇప్పుడదొక్కటే మిగిలింది. కాలనీలో కార్లకు కొదవ లేదు. కాసేపటి క్రితం కంప్లైంటు ఇమ్మని చెప్పినవాళ్లకూ కార్లున్నాయి. ఒకాయన అద్దాలు పగులుతాయన్నాడు, ఒకాయన డ్రైవరు లేడన్నాడు. మా షెడ్డులో ఉన్నవన్నీ ఇంజన్లు విప్పి పెట్టిన బండ్లు. సత్తన్నకున్నది స్కూటరు. ఆమె దాని మీద కూర్చోలేదు. అంబులెన్స్‌కు ఫోన్ చేస్తే బంద్‌లో ఏ టైముకొస్తుందో చెప్పలేమన్నారు.

ఆ సాయంత్రమే సంఘం మాట పక్కనపెట్టి సత్తన్నా నేనూ మాస్టారి ఇంటికి పోయాం. కారు బానెట్ తెరిచే ఉంది. నేల మీద మందు కలిసిన నీళ్లు తుప్పురంగులో ఎండిపోయి ఉన్నాయి, మాస్టారి చెప్పు ఒకటి వాటి మధ్యలో పడి ఉంది. ఇంట్లో డ్రమ్ములో పట్టుకున్న కృష్ణా నల్లా నీళ్లు పోసి కడిగాం, మళ్లీ పోసి కడిగాం. నీళ్లు తేటగానే వచ్చాయి. కాలనీ వీధిలో తిప్పి చూస్తే ముల్లు కదల్లేదు. "లోపట గార ఇంక ఊడలే. గొట్టాలు విప్పితె గాని తెల్వది" అన్నాడు సత్తన్న. విప్పితే పొద్దుటికి బండి ఉండదు. దాన్ని అలాగే నమ్ముకున్నాం.

తెల్లారి బయల్దేరాం. నేను నడుపుతున్నాను, సత్తన్న పక్కన, ఆమె వెనక. ఎల్బీనగర్ చౌరస్తా దాటాం. కొత్తపేట దాటాం. ఆమె ఊపిరి నాకు ముందు సీట్లోకి వినపడుతోంది, తడిగుడ్డ పిండుతున్నట్టు. దిల్‌సుఖ్‌నగర్‌కు చేరేసరికి రోడ్డు నిండా జనం. ఆ రోజు వంటావార్పు. రాళ్లు పేర్చి పొయ్యిలు పెట్టి, పెద్ద పెద్ద డేగిసాల్లో అన్నం వండుతున్నారు. డప్పులు, పాటలు.

సత్తన్న దిగి అరిచాడు. "తమ్మీ, పేషెంటున్నది. అమ్మకు పానం బాగలేదు, జర తొవ్వ ఇయ్యున్రి."

ఒక్కరు కూడా ఏ ఊరని అడగలేదు. "జరుగున్రి, జరుగున్రి, దవాఖానకు పోయే బండి" అని పిల్లలు చేతులు పట్టుకుని దారి చేశారు. పొయ్యిలో మండుతున్న కట్టెలు కూడా పక్కకు లాగారు. కానీ ఆ గుంపులో అడుగులో అడుగు వేసుకుంటూ పోవాల్సి వచ్చింది. నిలబడ్డ బండికి గాలి తగలదు. ముల్లు లేచింది. ఎర్రగీత దాటింది. బానెట్ సందుల్లోంచి వాసన వచ్చింది. ఇంజన్ ఆపాను. రాత్రంతా నానిన గార ఊడి గొట్టాలకు అడ్డం పడింది. చూడక్కర్లేకుండానే ఇద్దరికీ తెలిసింది.

అంబులెన్స్‌కు మళ్లీ ఫోన్ చేస్తే మూసారాంబాగ్ అవతల ఇరుక్కుంది, వస్తుందన్నారు. సత్తన్న బానెట్ లేపాడు. భుజం మీది తువ్వాలు తీసి చేతికి చుట్టుకున్నాడు. నీళ్లు పోస్తే ఇంకొంత దూరం పోతుంది, ఆ కొంత దూరమే కావాలి. ఆయన ఏం చెయ్యబోతున్నాడో నాకు తెలుసు. నేను ఆపలేదు. నిజం చెప్పాలంటే, తీస్తే బాగుండునని కూడా అనుకున్నాను.

వెనక సీటు అద్దం దించి ఉంది. వరలక్ష్మి గారు తల బయటపెట్టి, ఉన్న ఊపిరంతా కూడదీసుకుని పిలిచింది.

"సత్తయ్యా, ఉడుకున్నది. మూత తియ్యకు."

మా వాళ్లు అన్నట్టే అంది. ఎక్కడా తేడా లేదు. సత్తన్న చెయ్యి ఆగిపోయింది. చుట్టిన తువ్వాలు అలాగే ఉంది, ఆ చేత్తోనే మొహం తుడుచుకున్నాడు.

బియ్యం బస్తాలు తెచ్చిన ట్రాలీ ఆటో ఒకటి పక్కనే ఉంది. పిల్లలు బస్తాలు రోడ్డు మీదకు దింపేశారు. ఎవరో టెంటు జంపఖానా తెచ్చి పరిచారు. ఆమెను ఎత్తి దాని మీద కూర్చోబెట్టాం. సత్తన్న ఆమె వీపు తన ఛాతీకి ఆనించుకుని కూర్చున్నాడు. నేను కారు దగ్గర ఉండిపోయాను. ట్రాలీ గుంపులోంచి పోతుంటే ఆమె పొయ్యిల మీది డేగిసాల వైపు చూడటం కనిపించింది. అన్నం ఉడుకుతోంది.

మిషన్ మీదకు చేర్చేసరికే ఆలస్యమైంది. ఊపిరితిత్తుల నిండా నీళ్లు చేరాయన్నారు. ఆ మధ్యాహ్నమే పోయింది.

మీకు చెప్పేది

తర్వాత సత్తన్న ఆ మాట మానేశాడా అని కొందరు అడుగుతారు. మానలేదు. ఎందుకు మానాలి? అది ఆయన తల్లి నేర్పిన మాట. కానీ అప్పటినుంచి మాటతో వదిలిపెట్టేవాడు కాదు. గిరాకీ చెయ్యి పట్టుకుని ఇంజన్ మీద పెట్టించేవాడు. "గిట్ల ఆనిచ్చి ఉంచగలిగితెనే మూత. చెయ్యి గుంజుకోబుద్ధయితె ఆగాలె." ఫోన్లో అయితే "ఏం జేస్తరో మీ మాటల జెప్పున్రి" అనేవాడు. తన మాట తనకే తిప్పి చెబితే ఒప్పుకునేవాడు కాదు. నన్నూ ఒప్పుకోనివ్వలేదు. నేను మీకిచ్చే సలహా అదొక్కటే. అర్థమైందా అని ఎప్పుడూ అడగకండి. అందరూ అయిందనే అంటారు.

ఆ కారు చాలారోజులు మా షెడ్డులోనే ఉంది. సత్తన్న దాన్ని ఎవర్నీ ముట్టనివ్వలేదు. ఒకరోజు మాస్టారు బావమరిదిని తోడు తీసుకుని వచ్చారు. ఒక కన్ను మూసుకుపోయింది. రెండో కన్ను మసక. మొహం ఒకవైపు చర్మం కొత్తగా, ఎర్రగా, మెరుస్తోంది. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"కడగడం సగంలో ఆగింది కదా సత్తయ్యా, పూర్తి చేద్దామని వచ్చాను" అన్నారు.

ఇక ఎవరిని తీసుకుపోవడానికని మాలో ఎవరమూ అడగలేదు. బావమరిది మొహం పక్కకు తిప్పుకున్నాడు. నేను బానెట్ లేపాను. మాస్టారు తడుముకుంటూ వచ్చి, అరచెయ్యి రేడియేటర్ మీద ఆనించి, అలాగే ఉంచారు. చాలాసేపు ఉంచారు.

"ఉడుకుందా సత్తయ్యా?"

"లేదు సార్" అన్నాడు సత్తన్న. "సల్లగున్నది. తియ్యున్రి."

మాస్టారి వేళ్లు మూత మీదకు వెళ్లాయి. తిప్పలేదు.

"మా ఆవిణ్ని అడిగితే చెప్పేది" అన్నారు.